ఆ వెన్నెల వెనక మార్కస్ బార్ట్లీ

(తెనాలిలో ఫొటోగ్రఫీ మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? ఫ్యాన్ల చప్పుడు కాస్త ఎక్కువగానే ఉంది, కానీ ఆపమని చెప్పే ధైర్యం నాకు లేదు, ఈ ఎండల్లో ఫ్యాను ఆపితే సభే ఆగిపోతుంది. (నవ్వులు)

ఫొటోగ్రాఫరుగా మొదలై సినిమా కెమెరా పట్టినవాళ్ళ గురించి మాట్లాడమన్నారు నన్ను. నేను మార్కస్ బార్ట్లీ గారి గురించి చెప్తానన్నాను. ఫోన్లో అవతల కుర్రాడు కాసేపు ఆగి, 'ఆయన మనవాడేనా సార్, దొర కదా?' అన్నాడు. తప్పు పట్టను. విజయా వారి సినిమా పేర్లలో నాగిరెడ్డి, చక్రపాణి, పింగళి, గోఖలే, కళాధర్ అని వరుసగా పడుతూ మధ్యలో మార్కస్ బార్ట్లీ అని వస్తే, ఎవరో ఇంగ్లండు నుంచి దిగిన మనిషి అనుకున్నవాళ్ళు మా ఇంట్లో పెద్దవాళ్ళలోనే ఉన్నారు. ఆయన పుట్టింది ఏర్కాడులో. సేలం పక్కన కొండ మీద, కాఫీ తోటల ఊరు. 1917లో పుట్టిన ఆంగ్లో ఇండియన్. పోయింది 1993లో. ఈ రెండు సంవత్సరాల మధ్య తెలుగువాళ్ళం ఇప్పటికీ మురిసిపోయే సినిమాల్లో సగం ఆయన కంటితో చూసినవే.

ఒక చిన్న పరీక్ష పెట్టనా? మాయాబజార్ గురించి మాట్లాడమంటే మనవాళ్ళు ఎక్కడ మొదలుపెడతారు? (సభలోంచి: ఎస్వీఆర్!) అదీ. ఎస్వీఆర్, తర్వాత సావిత్రి, తర్వాత పింగళి గారి అస్మదీయులు తస్మదీయులు, ఘంటసాల గారు, అక్కణ్ణుంచి కె.వి.రెడ్డి గారు, ఇలా ఒక గంట మాట్లాడుకుని చివర్లో కెమెరా దగ్గరికి వచ్చేసరికి 'ఆ రోజుల్లోనే ఎలా తీశారో ఏమో' అని ఒక్క ముక్కతో సరిపెట్టేస్తారు. ఆ 'ఎలా' గురించే నేనివాళ మాట్లాడేది.

మొదట ఉద్యోగం సంగతి. బార్ట్లీ గారు 1935 ప్రాంతంలో బొంబాయిలో టైమ్స్ ఆఫ్ ఇండియాలో ప్రెస్ ఫొటోగ్రాఫరుగా మొదలయ్యారు. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు. తర్వాత బ్రిటిష్ మూవీటోన్ వాళ్ళకి, సినిమా హాళ్ళలో వేసే వార్తాచిత్రాలు తీసే న్యూస్‌రీల్ కెమెరామన్. ఇది చాలామంది రాసే సంగతే, రెండు వాక్యాల్లో రాసేసి స్వర్గసీమ సినిమాలోకి దూకేస్తారు. నేను మాత్రం ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే నా లెక్కలో ఆయన తర్వాత చేసిందంతా ఈ ఉద్యోగంలోంచే వచ్చింది.

ఆ కాలంలో ప్రెస్ ఫొటోగ్రాఫరు అంటే ఏమిటో ఇక్కడున్న కుర్రాళ్ళు ఊహించుకోవాలి. మీరిప్పుడు ఒక పెళ్ళికి వెళ్తే తాళి కట్టే క్షణానికి సెకనుకి ఇరవై ఫ్రేములు కొట్టేస్తారు, ఏదో ఒకటి బాగుంటుంది. అప్పుడు అలా కాదు. ఒక ప్లేటు పెట్టాలి, ఒక బొమ్మ తీయాలి, మళ్ళీ ప్లేటు మార్చాలి. ఈలోపు మంత్రిగారు దండ తీసేసి కారెక్కేస్తాడు. న్యూస్‌రీల్‌కి వస్తే ఆ రోజుల్లో వాళ్ళు ఎక్కువగా వాడిన ఐమో అనే కెమెరా ఉంది, బెల్ అండ్ హోవెల్ వాళ్ళది. చేత్తో పట్టుకునేది, స్ప్రింగుకి కీ ఇచ్చి తిప్పాలి. 100 అడుగుల రీలు పడుతుంది. 35 ఎంఎం ఫిల్ములో అడుగుకి 16 ఫ్రేములు, సెకనుకి 24 పోతాయి, లెక్కేసుకోండి, మొత్తం నిమిషం పైచిలుకు. ఆ నిమిషంలో ఊరేగింపు రావాలి, నాయకుడు కనపడాలి, జనం కనపడాలి. వెలుతురు ఎంతుందో కంటితోనే అంచనా వేయాలి. ఇంకోసారి చేయండి సార్ అని ఎవరినీ అడగలేం.

ఈ పనిలో పదేళ్ళు నలిగిన మనిషికి రెండు అలవాట్లు వస్తాయి. ఒకటి, కెమెరా ఎక్కడ పెడితే జరిగేది స్పష్టంగా కనపడుతుందో అక్కడ పెట్టడం, తన పనితనం చూపించుకోవడానికి కాదు. రెండోది, వెలుతురు ఎటునుంచి వస్తోందో ముందు చూసి తర్వాత మనిషిని చూడటం. ఈ రెంటినీ మద్రాసు తెచ్చుకున్నారు బార్ట్లీ గారు. తెచ్చుకుని ఏం చేశారంటే, రాక్షసుణ్ణీ మాయనీ ఎగిరే లడ్డూనీ కూడా వార్త తీసినట్టు తీశారు. ఇది నా అభిప్రాయం, మీరు ఒప్పుకోకపోవచ్చు.

స్వర్గసీమ 1945. వాహినీ వారిది, బి.ఎన్.రెడ్డి గారి సినిమా. అక్కణ్ణుంచి కె.వి.రెడ్డి గారి యోగి వేమన, గుణసుందరి కథ. తర్వాత విజయా వారు మొదలుపెట్టారు. 1950లో షావుకారు, 51లో పాతాళభైరవి, 52లో పెళ్ళిచేసి చూడు, 54లో చంద్రహారం, 55లో మిస్సమ్మ, 57లో మాయాబజార్, 59లో అప్పుచేసి పప్పుకూడు, 61లో జగదేకవీరుని కథ, 62లో గుండమ్మ కథ. ఊపిరి తీసుకోకుండా చదివాను, ఎందుకంటే ఈ వరుస అలాగే వినాలి. పన్నెండేళ్ళలో ఇన్ని, అందులో చాలావాటికి పక్కనే తమిళ రూపం కూడా తీసేవారు, అంటే ఒకే సెట్టు మీద ఒక భాషలో తీశాక నటుల్ని మార్చి అదే లైటింగు మళ్ళీ. పాతాళభైరవి అయితే 1952 జనవరిలో మన దేశంలో జరిగిన మొట్టమొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి కూడా వెళ్ళింది.

చక్రపాణి గారి ఊళ్ళో నిలబడి ఈ మాట అనకపోతే బాగుండదు. విజయా వాళ్ళకి చంద్రుడంటే ఏదో ప్రత్యేకమైన పిచ్చి ఉంది. (నవ్వులు) 1947లో పిల్లల పత్రిక పెడితే దాని పేరు చందమామ. సినిమా తీస్తే అందులో చందమామ. పాతాళభైరవిలో ఎంత ఘాటు ప్రేమయో, మిస్సమ్మలో ఒకటి చాలదన్నట్టు ఏమిటో ఈ మాయ, రావోయి చందమామ రెండూ, మాయాబజార్‌లో లాహిరి లాహిరి, గుండమ్మ కథలో ఎంత హాయి ఈ రేయి. పాట పింగళి గారు రాసేస్తారు, రాజేశ్వరరావు గారో ఘంటసాల గారో వరస కట్టేస్తారు. ఆ వెన్నెల మాత్రం ఎవరో ఒకరు తయారు చేయాలి కదా, బజార్లో దొరకదు.

వెన్నెల తయారు చేయడం ఎంత కష్టమో చెప్తాను, ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. నిజం వెన్నెలలో అప్పటి ఫిల్ము మీద ఏమీ పడదు. ఫిల్ము స్పీడు, అంటే వెలుతురుని పట్టే శక్తి, అంత తక్కువ. మామూలు సీనుకే ఆర్క్ లైట్లు కావాలి. ఆర్క్ లైటంటే రెండు కార్బన్ కడ్డీల మధ్య నిప్పు మండుతుంది, బుస్సుమని శబ్దం, పొగ, కడ్డీ అరుగుతూ ఉంటుంది, పక్కన లైట్ బాయ్ నిలబడి సర్దుతూ ఉండాలి. అంత వెలుతురు పోసి, చూసేవాడికి మాత్రం చీకటి అనిపించాలి. ఇక్కడే ఉంది కిటుకంతా. చీకటి అనిపించడానికి వెలుతురు తగ్గించరు, దాని దిక్కు మారుస్తారు.

పగలు మనిషి మీద వెలుతురు ముందునుంచి, పైనుంచి, చుట్టూ గోడల మీద పడి తిరిగి, అన్ని వైపులనుంచీ వస్తుంది. వెన్నెల ఒకే చోటునుంచి వస్తుంది. అందుకని అసలు లైటు మనిషి వెనక నుంచి, కొంచెం పక్కగా కొడతారు. జుట్టు అంచు, భుజం అంచు వెండిలా మెరుస్తాయి. ముఖం మీద చాలా మెత్తగా, కనపడీ కనపడనట్టు ఇంకో లైటు. నీడ ఒక్కటే పడాలి, రెండు పడితే చంద్రుళ్ళు ఇద్దరని ప్రేక్షకుడికి తెలిసిపోతుంది, పైకి చెప్పలేకపోయినా ఏదో తేడాగా ఉందని మనసుకి తట్టేస్తుంది. నీళ్ళు ఉన్నాయనుకోండి, ఇంకా తంటా. నీళ్ళ మీద తళతళ కనపడాలంటే లైటు కెమెరాకి ఎదురుగా ఉండాలి, ఉంటే లెన్సులోకి కొడుతుంది. అది లెన్సులో పడకుండా దాచాలి, తళుకు మాత్రం రావాలి.

ఇప్పుడు లాహిరి లాహిరి చూద్దాం. బాబూ, ఆ క్లిప్ వేయి. ఆ, అక్కడ ఆపు. ఈ పాట కొంత భాగం మద్రాసుకి ఉత్తరాన ఎన్నూరు దగ్గర నీళ్ళలో తీశారు, మిగతాది స్టూడియోలో. మనకి అతుకు కనపడుతుందా? నేను ఎన్నిసార్లు వెతికానో చెప్పను, మా ఆవిడ ఇక్కడే ఉంది. (నవ్వులు) ఆరుబయట తీసిన నీళ్ళు ఒక రకం బూడిదరంగు, స్టూడియోలో తీసిన నీళ్ళు ఇంకో రకం. ఆ రెండింటినీ ఒకే రాత్రిగా కలపడం కెమెరామన్ పని. ఆరుబయట పగలు తీసి రాత్రిలా చూపించాలంటే అప్పటి పద్ధతి ఎర్ర ఫిల్టరు. బ్లాక్ అండ్ వైట్‌లో ఎర్ర ఫిల్టరు పెడితే నీలం ఆకాశం నల్లబడిపోతుంది. మరి అదే ఫిల్టరు పెదాల్ని తెల్లబరిచేస్తుంది, ఎందుకంటే పెదవి ఎరుపు కదా, దానికి మేకప్ మార్చుకోవాలి. ఇన్ని చిక్కుల మధ్య పడవలో మొదట అభిమన్యుడూ శశిరేఖా, తర్వాత కృష్ణుడూ రుక్మిణీ, ఆ తర్వాత బలరాముడూ రేవతీ. జంట మారుతుంది, సరసం మారుతుంది, వెన్నెల ఒక్కటే. పెద్దవాళ్ళ దగ్గరికొచ్చేసరికి అది పాతబడిందని కూడా అనిపించదు. ఈ కాలంలో అయితే ఒక్కో జంటకి ఒక్కో కలర్ టోన్ వేసేవారు. (నవ్వులు)

మాయల సంగతికి వస్తాను. ఇవాళ ఎవరో ఒకరు మాయాబజార్‌లోని ప్రియదర్శినిని, అదే మూత తీస్తే ఇష్టమైనవాళ్ళు కనపడే పెట్టెని, ల్యాప్‌టాప్ అంటారు, ఇంకొకరు వీడియో కాల్ అంటారు, వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది ఆ జోకు. సరే. నాకు ఆసక్తి ఎక్కడంటే, శశిరేఖ పెట్టె మూత తీస్తుంది, లోపల అభిమన్యుడు కనపడతాడు, నీవేనా నను తలచినది అని పాట మొదలవుతుంది. ఒక బొమ్మలో ఇంకో బొమ్మ పెట్టడానికి అప్పట్లో వాడిన పద్ధతుల్లో ముఖ్యమైంది మాస్క్. లెన్సు ముందు నల్లని అడ్డు పెట్టి ఫ్రేములో కొంత భాగం మూసేసి మిగతాది తీస్తారు. తర్వాత ఫిల్ముని చీకట్లో వెనక్కి తిప్పి, ఇప్పుడు మూసింది తెరిచి తెరిచింది మూసి, అదే ఫిల్ము మీద రెండోసారి తీస్తారు. రెండు సార్ల మధ్య కెమెరా వెంట్రుకవాసి కదిలినా అంచు దగ్గర గీత వణుకుతుంది. రెండోసారి తీస్తున్నప్పుడు ఏదైనా తేడా వస్తే మొదటిసారి తీసింది కూడా పోయినట్టే. మానిటర్ లేదు. ఎలా వచ్చిందో ల్యాబ్ నుంచి రష్, అంటే కడిగి వేసిన ప్రింటు, వచ్చాక చూసుకోవాలి. అప్పటిదాకా టెన్షన్ అంతా ఒక్క మనిషిదే.

కె.వి.రెడ్డి గారి పద్ధతి కూడా దీనికి కలిసొచ్చింది. ఆయన స్టాప్‌వాచ్ చేత్తో పట్టుకుని ఏ సీను ఎంతసేపు రావాలో ముందే లెక్కేసుకునే మనిషి. ఆయన దగ్గర పని నేర్చుకున్న సింగీతం శ్రీనివాసరావు గారు ఆ సంగతులు ఎన్నోసార్లు చెప్పారు. లెక్క ప్రకారం నడిచే దర్శకుడూ, ఉన్న నిమిషంలోనే పని ముగించడం అలవాటైన న్యూస్‌రీల్ కెమెరామనూ ఒకచోట చేరితే ఫిల్ము దండగ కాదు. ఇద్దరిలో ఎవరు తగ్గినా ఆ సినిమా అలా వచ్చేది కాదు.

వివాహ భోజనంబు వేయండి. ఇదిగో, చూడండి, లడ్డూలు వాటంతట అవే వెళ్తున్నాయి ఘటోత్కచుడి నోట్లోకి. ఇప్పుడు నేను అడిగేది, కెమెరా ఏం చేస్తోంది? ఏమీ చేయడం లేదు. హాయిగా కూర్చుని చూస్తోంది. ఫ్రేములో విస్తరి దగ్గర్నుంచి ఎస్వీఆర్ పొట్ట దాకా అన్నీ కనపడుతున్నాయి, వెలుతురు అన్ని చోట్లా ఉంది, ఏదీ దాచలేదు. ఇదే ఇప్పటివాళ్ళైతే చీకటి చేస్తారు, పొగ వేస్తారు, కెమెరా ఊపేస్తారు, అతుకు కనపడకుండా. బార్ట్లీ గారు అన్ని దీపాలూ వెలిగించి మరీ చూపించారు. ప్రెస్ ఫొటోగ్రాఫరు అలవాటు అన్నానే, అది ఇక్కడుంది. జరిగింది జరిగినట్టు చూపించు, నమ్మడం మానడం చూసేవాడి ఇష్టం. పిల్లలు ఇప్పటికీ నమ్ముతున్నారు, మా మనవరాలే సాక్ష్యం.

అదే సినిమాలో ద్వారకా నగరం. కళాదర్శకులు గోఖలే గారు, కళాధర్ గారు సుమారు 50 అడుగులకి 60 అడుగుల స్థలంలో దాదాపు 300 చిన్న చిన్న ఇళ్ళు కట్టించారట, లోపల దీపాలతో సహా. గోఖలే గారిది ఈ చుట్టుపక్కల బ్రాహ్మణకోడూరే, మీకు తెలియంది కాదు. బొమ్మ ఊరుని నిజం ఊరిలా తీయడంలో చిక్కు ఏమిటంటే, దగ్గర్నుంచి తీసేటప్పుడు ముందున్నది స్పష్టంగా ఉంటే వెనకది మసకబారుతుంది, మసకబారిందా, బొమ్మ అని తెలిసిపోతుంది. అన్నీ ఒకేలా స్పష్టంగా రావాలంటే లెన్సు కన్ను బాగా చిన్నది చేయాలి, చేస్తే వెలుతురు చాలదు, కాబట్టి మామూలు సెట్టుకి పోసేదానికి ఎన్నో రెట్లు వెలుతురు ఆ బొమ్మరిళ్ళ మీద పోయాలి. పోసి, రాత్రి పూట నగరంలా కనిపించేట్టు చేయాలి. మళ్ళీ అదే చిక్కు చూశారా.

నాకు వ్యక్తిగతంగా అన్నిటికన్నా ఇష్టమైన మాయ మాత్రం మాయాబజార్‌లో లేదు, జగదేకవీరుని కథలో ఉంది. శివశంకరీ పాట. ఘంటసాల గారి గొంతు గురించి చెప్పి చెప్పి అందరూ అలిసిపోయారు, నేను కళ్ళ గురించి చెప్తాను. పాడేది ఎన్టీఆర్, వీణ పట్టింది ఎన్టీఆర్, మృదంగం వాయించేది ఎన్టీఆర్, ఒకే ఫ్రేములో ఐదుగురు. ఇందాక చెప్పిన మాస్క్ పద్ధతి గుర్తుంచుకుని ఇప్పుడు దాన్ని ఐదుకి పెంచండి. ఒక్కొక్కరు తాళం తప్పకూడదు, ఒకరి చెయ్యి ఇంకొకరి గీత దాటకూడదు, అందరి మీదా వెలుతురు ఒకే దిక్కు నుంచి ఒకే బరువుతో పడాలి. ఐదింట్లో ఒక్కటి కాస్త తెల్లగా వచ్చినా వాడు అతికించినవాడని తెలిసిపోతాడు. 1961లో! అందరూ ఒకే గదిలో కూర్చున్న ఐదుగురు అన్నదమ్ముల్లా ఉన్నారు చూడండి. అందులో ఒకాయన కాస్త ఎక్కువ కష్టపడుతున్నట్టు నాకు ఎప్పుడూ అనిపిస్తుంది, ఆ మృదంగం ఆయన. (నవ్వులు)

మాయలు వదిలేయండి. మిస్సమ్మలో మాయలు లేవు. ఇల్లు, వసారా, పెరడు, నలుగురు మనుషులు, అబద్ధం మీద అబద్ధం. దాంట్లో బార్ట్లీ గారు చేసింది సావిత్రి ముఖం. ఫొటోగ్రాఫర్లం కంట్లో మెరిసే చుక్కని క్యాచ్ లైట్ అంటాం. సావిత్రి వేసిన మేరీకి కోపం వచ్చినప్పుడు, ఏడుపు ఆపుకుంటున్నప్పుడు, ఆ చుక్క ఎక్కడుందో చూడండి. సంభాషణ ఒకటి చెప్తుంటే కళ్ళు ఇంకొకటి చెప్తుంటాయి, ఆ రెండోది మన దాకా రావాలంటే అక్కడ లైటు ఉండాలి. ఆవిడ గొప్ప నటి, సందేహమే లేదు, కానీ కళ్ళు గుంటల్లో నల్లగా ఉండిపోయేలా లైటింగు చేసి ఉంటే ఆ నటనలో సగం మనకి అందేది కాదు. అదే కాలంలో హిందీలో కెమెరామన్ వి.కె.మూర్తి గారు వెలుతురుని పెద్ద కిరణంలా పైనుంచి దింపి అందర్నీ ఆశ్చర్యపరిచారు, కాగజ్ కే ఫూల్‌లో. అది గొప్ప పనే. కానీ ఆ కిరణం తనని చూడమంటుంది. బార్ట్లీ గారి లైటు సావిత్రిని చూడమంటుంది. నాకు రెండోదే ఎక్కువ ఇష్టం, ఇది పక్షపాతం అనుకున్నా ఫరవాలేదు.

ఇక రంగుల సంగతి. ఇక్కడ కాస్త గొడవ పడాలని ఉంది నాకు. 2010 జనవరిలో మాయాబజార్‌కి రంగులు వేసి విడుదల చేశారు. పని చేసినవాళ్ళ శ్రమని నేను తక్కువ చేయను, కొత్తతరం పిల్లలు హాల్లో ఆ సినిమా చూశారు, మంచిదే. కానీ ఒక కెమెరావాడిగా నా ఏడుపు వేరు. బ్లాక్ అండ్ వైట్‌లో ఎర్రచీర, ఆకుపచ్చ చీర రెండూ ఒకే బూడిదరంగులో వచ్చే అవకాశం ఉంది. మనిషిని గోడ నుంచి విడదీయడానికి రంగు సాయం ఉండదు. వెలుతురుతోనే విడదీయాలి. అందుకే ఆ వెనక లైట్లు, ఆ వెండి అంచులు, నల్లటి మూలలు. అదంతా రంగు లేని లోటు తీర్చడానికి ఒకాయన కష్టపడి కట్టిన కట్టడం. దాని మీద మళ్ళీ నీలం, గులాబీ, బంగారం పూస్తే రెండు పనులూ ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. వెన్నెల నీలంగా మారిపోయింది. నిజంగా కలర్ ఫిల్ము చేతికిచ్చి ఉంటే ఆయన ఆ సెట్లకి అలా లైటింగు చేసేవారే కాదు.

ఎలా తెలుసు అంటారా? ఆయన రంగుల్లో తీసిన సినిమాలు ఉన్నాయి కదా. 1965లో మలయాళంలో చెమ్మీన్, రాము కరియాట్ గారిది, తకళి గారి నవల. కెమెరా పేర్లలో బార్ట్లీ గారితో పాటు యు.రాజగోపాల్ గారి పేరు కూడా ఉంటుంది. ఇందులో విజయా సెట్టు లేదు, గోఖలే ద్వారక లేదు. సముద్రం, ఇసుక, వలలు, నాట్టిక తీరం. యాభై దాటని వయసులోనే స్టూడియోకి రాజు అనిపించుకున్న మనిషి మళ్ళీ న్యూస్‌రీల్ కుర్రాడిలా ఆరుబయటకి వచ్చి, ఆకాశం ఎలా ఇస్తే అలా తీసుకున్నారు. రంగు ఉంది కాబట్టి వెండి అంచుల అవసరం లేదు. నీళ్ళకీ ఆకాశానికీ ఇసుకకీ మధ్య ఉన్న తేడాయే సరిపోయింది. ఆ సినిమాకి రాష్ట్రపతి స్వర్ణ పతకం వచ్చింది, దక్షిణాది సినిమాకి అది రావడం అదే మొదటిసారి. తర్వాత 1967లో విజయా వారి హిందీ రామ్ ఔర్ శ్యామ్, దర్శకుడు మన తాపీ చాణక్య గారు. ఇద్దరు దిలీప్ కుమార్లు, అదీ రంగుల్లో. మాస్క్ పని మళ్ళీ, కాకపోతే ఈసారి చర్మం రంగు కూడా రెండు సగాల్లో కలవాలి. 1969లో తమిళంలో శాంతి నిలయం, దానికి కలర్ ఛాయాగ్రహణానికి జాతీయ అవార్డు వచ్చింది. చూశారుగా, తెలుగువాడికి బ్లాక్ అండ్ వైట్ బార్ట్లీ గుర్తుంటే జాతీయ అవార్డు వాళ్ళు పిలిచి ఇచ్చింది రంగుల బార్ట్లీకి. నాకు ఇది కాస్త అన్యాయంగానే తోస్తుంది, మాయాబజార్ తీసినాయనకి శాంతి నిలయం దాకా ఆగాల్సి రావడం.

ఆ తర్వాత కాలం మారింది. స్టూడియోలు వదిలి అందరూ ఊళ్ళకి, తోటలకి, కొండలకి పోయారు, చేతి కెమెరాలు, జూమ్ లెన్సులు వచ్చాయి. సెట్టు మీద వెన్నెల కట్టే పని పోయింది. అక్కడ నేను ఎక్కువ చెప్పను.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి. ఆ, మీరు.

(ఒక యువకుడు: సార్, ఇప్పుడు ఫోన్లోనే నైట్ మోడ్ ఉంది. ఇదంతా మాకు ఎందుకు పనికొస్తుంది?)

మంచి ప్రశ్న. నైట్ మోడ్ ఏం చేస్తుందంటే చీకట్లో ఉన్నదాన్ని కనపడేట్టు చేస్తుంది. అంతే. మీ రిసెప్షన్ ఫొటోలో అమ్మాయి ముఖం కనపడుతుంది, నిజమే, కానీ వెనక డెకరేషన్ కూడా అంతే వెలుతురుగా కనపడుతుంది, ఐస్‌క్రీమ్ స్టాలూ కనపడుతుంది. ఎవర్ని చూడాలో ఫోనుకి తెలియదు. మీరు ఒక్క చిన్న లైటు తీసుకెళ్ళి అమ్మాయి వెనకాల పక్కగా పెట్టి చూడండి, ఫోనుతోనే తీయండి, ఐఫోనే అక్కర్లేదు. తేడా మీకే తెలుస్తుంది. రేపు పెట్టి చూసి నాకు పంపండి.

(ఒక మహిళ: ఆయన ప్రెస్ ఫొటోగ్రాఫర్ కాకపోతే ఈ మాయలు చేయలేకపోయేవారా?)

చేసేవారేమో అమ్మా. ట్రిక్కు నేర్చుకోవచ్చు, అది పనితనం. మద్రాసులో ఆ రోజుల్లో ట్రిక్కులు తెలిసిన కెమెరామన్లు ఇంకా ఉన్నారు, జానపదాలు ఎన్ని వచ్చాయి! కానీ చాలావాటిలో మాయ రాగానే కెమెరా కూడా ఆశ్చర్యపోతుంది, గబుక్కున దగ్గరికి వెళ్తుంది, లైటు మారుతుంది, ఇదిగో వస్తోంది చూడండి అని మనకి సైగ చేస్తుంది. ఈయన కెమెరా ఆశ్చర్యపోదు. ఆ నిబ్బరం మాత్రం రోడ్డు మీద, జనం మధ్య, రెండో అవకాశం లేని చోట వచ్చిందని నా నమ్మకం. నిరూపించమంటే నా వల్ల కాదు.

సరే, టైమైంది, టీ కూడా వచ్చినట్టుంది. వెళ్ళేముందు రావోయి చందమామ ఒకసారి వేస్తున్నారు. బాబూ, సౌండ్ తీసేసి వేయి. కోప్పడకండి, పాట మీ అందరికీ కంఠతానే కదా, లోపల పాడుకోండి. చంద్రుణ్ణి చూడొద్దు, ఎన్టీఆర్‌ని కూడా చూడొద్దు. భుజాల అంచులు చూడండి, నేల మీద నీడలు ఎటు పడ్డాయో చూడండి, అవి చూసి లైటు ఎక్కడ పెట్టారో నాకు చెప్పండి. ముందు చెప్పినవాళ్ళకి నా సమోసా కూడా.